బడి వసారాలో ఉపగ్రహం
ఆకాశానికి నిచ్చెనలు: ధారావాహిక, 6వ భాగం

1975 ఆగస్టు 1న తెలుగు పల్లెల్లో టెలివిజన్ మొదలైంది. అప్పటికి హైదరాబాద్ నగరంలో టీవీ ప్రసారం లేదు, విజయవాడలోనూ విశాఖపట్నంలోనూ లేదు. మద్రాసుకు ఆ నెలలోనే కొన్నాళ్ల తర్వాత వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ తెరుచుకోవడానికి ఇంకా రెండేళ్లకు పైగా పట్టింది. పట్నానికి రాకముందే పల్లెకు వచ్చిన సాధనాలు మన దేశంలో అరుదు. టీవీని ఆ వరసలో చేర్చింది ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి అందరూ ‘సైట్’ అనేవారు.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఈ ప్రయోగం ఏడాదిపాటు కార్యక్రమాలు అందించింది. ఆకాశంలోని ఉపగ్రహం అమెరికాది. నేలమీది ఏర్పాటంతా మనది. ఆ నేలమీది పనిలో ఇంజనీర్ల వాటా ఎంత ఉందో, ఊరి బడిపంతుళ్లు, పంచాయతీల వాటా కూడా అంత ఉంది. అంతరిక్ష కార్యక్రమంలో సామాన్యుల పాత్రను చెప్పుకునే ఈ ధారావాహికలో సైట్‌కు ప్రత్యేక భాగం దక్కడానికి కారణం అదే.

నేలగా అందిన సాయం, పనిగా అందిన సాయం

భారత అంతరిక్ష కార్యక్రమానికి జనం సాయం మొదటినుంచీ ఉంది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ ఎగిరే నాటికి అక్కడి జాలరి కుటుంబాలు ఇళ్లూ, చర్చీ అప్పగించి పక్కకు జరిగాయి. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి రోహిణి-125 రాకెట్ ఎగిరింది. అంతకు ముందే ఆ దీవిలో తరతరాలుగా బతికిన యానాదులు ఊళ్లు వదలాల్సి వచ్చింది. ఈ రెండు చోట్లా జనం ఇచ్చింది నేల. కార్యక్రమం నడవడంలో వాళ్లకు చెయ్యడానికి పని ఏమీ లేదు.

సైట్‌లో పరిస్థితి వేరు. ఊరివాళ్లు గది ఇవ్వాలి, కరెంటు చూసుకోవాలి, పెట్టెను కాపాడాలి, వేళకు తలుపు తీయాలి, పాడైతే కబురు పంపాలి. వీటిలో ఏ ఒక్కటి జరగకపోయినా 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం ఆ ఊరికి ఉన్నా లేనట్టే. అంతరిక్ష శాస్త్రజ్ఞులు పల్లె జనాన్ని పనిలో భాగస్వాములుగా లెక్కించింది ఇక్కడే.

సారాభాయ్ ఆలోచన

దీని వెనుక ఉన్న మనిషి విక్రమ్ సారాభాయ్. దేశమంతటా టీవీ స్తంభాలు నాటుకుంటూ పోతే పల్లెల వంతు వచ్చేసరికి దశాబ్దాలు గడుస్తాయనీ, ఉపగ్రహమైతే పట్నమూ పల్లే తేడా లేకుండా ఒకేసారి చేరుతుందనీ ఆయన వాదం. నేలమీద కూడా దాన్ని పరీక్షించి చూపారు. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో సామూహిక టీవీలు పెట్టి ‘కృషి దర్శన్’ అనే వ్యవసాయ కార్యక్రమం మొదలుపెట్టించారు. రైతులు గుంపుగా కూర్చుని చూడటం, చూశాక మాట్లాడుకోవడం అక్కడ అలవాటైంది.

1969 సెప్టెంబరు 18న భారత అణుశక్తి శాఖకూ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ ఒప్పందం కుదిరింది. నాసా తన ఉపగ్రహాన్ని ఏడాదిపాటు రోజుకు కొన్ని గంటలు ఇస్తుంది. కార్యక్రమాల తయారీ, భూకేంద్రాలు, టీవీ పెట్టెలు, వాటి నిర్వహణ భారత్ బాధ్యత. ఒప్పందం అమలు చూడకుండానే 1971 డిసెంబరు 30న సారాభాయ్ కన్నుమూశారు. సతీశ్ ధవన్ ఇస్రో అధ్యక్షుడిగా, యశ్‌పాల్ అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం సంచాలకుడిగా ఆ పని ముందుకు నడిపారు. సైట్ కార్యక్రమ నిర్వాహకుడు ఏక్‌నాథ్ చిట్నిస్.

కొండల నడుమ నేలకు ఉపగ్రహమే దారి

ఉపగ్రహం ఎందుకు కావలసి వచ్చిందో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నేలను చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. కుందూ నది పారే ఆ నల్లరేగడి మైదానానికి తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి. కొండ అడ్డొస్తే దాని వెనుక నీడ పడుతుంది. ఎత్తైన స్తంభం నుంచి పంపినా కొన్ని పదుల కిలోమీటర్లకు మించి బొమ్మ స్పష్టంగా అందదు. హైదరాబాద్ నుంచి నంద్యాల రెండు వందల కిలోమీటర్లకు పైమాట, ఆళ్లగడ్డ ఇంకా దక్షిణాన. రాజధానిలో ఎంత పెద్ద స్తంభం కట్టినా ఈ లోయకు బొమ్మ రాదు. మధ్యలో మరిన్ని స్తంభాలు వేయాలంటే డబ్బు, కాలం కావాలి.

సైట్‌కు వాడిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని భూమధ్యరేఖకు ఎగువన, తూర్పు ఆఫ్రికా మీద 35 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిపారు. నంద్యాల, ఆళ్లగడ్డలు 78.5 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉన్నాయి. లెక్క వేస్తే ఆ నేల నుంచి ఉపగ్రహం పడమటి దిక్కులో, కాస్త దక్షిణానికి ఒరిగి, దిగంతానికి సుమారు 37 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఎర్రమల కొండలు అంత ఎత్తుకు అడ్డు రావు. ఆకాశం కనిపించే ఏ పెరట్లోనైనా డిష్‌ను ఆ దిక్కుకు తిప్పి నిలిపితే చాలు. కొండల వల్ల వచ్చే చిక్కు దీంతో తీరిపోయింది. తెలుగు నేలలో ఇలాంటి లోయలు, మారుమూలలు ఎన్నో ఉన్నాయి. అప్పటి రాష్ట్రంలో అక్షరాస్యత 1971 లెక్కల ప్రకారం నూటికి 25 మందిలోపే. పత్రిక చదవలేని జనానికి బొమ్మతో, మాటతో విషయం చెప్పే సాధనం దొరకడం చిన్న సంగతి కాదు.

అరువు ఉపగ్రహం, సొంత డిష్

1975 ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట సోవియట్ రాకెట్ మీద ఎగిరింది. అది శాస్త్ర పరిశోధన కోసం చేసిన చిన్న ఉపగ్రహం, టీవీ ప్రసారం దాని శక్తికి మించిన పని. అందుకే ఏటీఎస్-6ను అరువు తెచ్చుకోవలసి వచ్చింది. 1974 మే 30న ప్రయోగించిన ఆ ఉపగ్రహం మొదటి ఏడాది అమెరికాలోనే అలాస్కా, రాకీ పర్వతాలు, అపలాచియా కొండ ప్రాంతాల పల్లెలకు వైద్య, విద్యా కార్యక్రమాలు అందించింది. తర్వాత దాన్ని మెల్లగా తూర్పుకు జరిపి భారత్‌కు అందే చోట నిలిపారు. దాని యాంటెన్నా వెడల్పు 9 మీటర్లకు పైనే. అంత పెద్ద యాంటెన్నా నుంచి వచ్చే సంకేతం బలంగా ఉండటం వల్లే పల్లెలో చిన్న డిష్ సరిపోయింది.

పల్లె డిష్ వెడల్పు 3 మీటర్లు. కోళ్లగూళ్లకు వాడే ఇనుపవలతో దాన్ని తయారుచేశారు. ఖర్చు తక్కువ, బరువు తక్కువ, గాలి వల కన్నుల్లోంచి దూరిపోతుంది కాబట్టి ఈదురుగాలికి విరిగే భయమూ తక్కువ. ముక్కలుగా బండిమీద తీసుకెళ్లి ఊళ్లో బిగించవచ్చు. అహ్మదాబాద్ ఇంజనీర్ల ఈ రూపకల్పనకు తోడు, నేరుగా ఉపగ్రహ సంకేతాన్ని అందుకునే నలుపు తెలుపు టీవీ సెట్లను హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, తయారుచేసింది. టీవీ ప్రసారం లేని నగరంలో వేలాది టీవీలు తయారై ఆరు రాష్ట్రాల పల్లెలకు వెళ్లాయి. ఉపగ్రహం ద్వారా ప్రపంచమంతా మాట్లాడుకోవచ్చని 1945లోనే రాసిన రచయిత ఆర్థర్ సి. క్లార్క్ అప్పుడు శ్రీలంకలో ఉండేవారు. ఆయన ఇంటికి కూడా భారత ఇంజనీర్లు ఇలాంటి సెట్ ఒకటి తీసుకెళ్లి బిగించి వచ్చారు.

ఊరు చేసిన పని

గ్రామాలను జిల్లాలవారీగా, రాష్ట్రానికొక సమూహంగా ఎంచారు. వెనుకబాటు, కరెంటు సదుపాయం, ప్రయోగం ముగిశాక మామూలు ప్రసార కేంద్రం పెట్టి కొనసాగించే వీలు ఎంపికలో ముఖ్యమైన కొలతలు. ఊళ్లో సెట్ ఎక్కడ పెట్టాలన్నది అసలు చిక్కు ప్రశ్న. కరణం గారి ఇంట్లోనో, పెద్ద రైతు లోగిట్లోనో పెడితే కాపలాకు లోటుండదు కానీ దళితవాడ నుంచి ఎవరూ గడప తొక్కలేరు. గుడిలో పెట్టినా అదే ఇబ్బంది. అందువల్ల అందరూ రాగలిగే చోటు కావాలని నియమం పెట్టుకున్నారు. చాలా ఊళ్లలో ప్రాథమిక పాఠశాల, కొన్ని చోట్ల పంచాయతీ కార్యాలయం ఆ పనికి నిలిచాయి.

సెట్ బాధ్యత ఒకరికి అప్పగించేవారు. ఎక్కువ ఊళ్లలో ఆయన బడి పంతులే. పొద్దున పిల్లల కార్యక్రమానికి, సాయంత్రం పెద్దల కార్యక్రమానికి ఆయనే తలుపు తీయాలి, పెట్టె వెలిగించాలి, బొమ్మ సర్దాలి. డిష్ చుట్టూ పశువులు రాకుండా, పిల్లలు ఎక్కకుండా చూసుకోవాలి. కార్యక్రమం అయ్యాక తాళం వేయాలి. పెట్టె మూగబోతే మరమ్మతు కేంద్రానికి తెలియజేయాలి. పగలంతా పాఠాలు చెప్పిన మనిషి రాత్రి దాకా మళ్లీ బడిలోనే ఉండాలి. దీనికి దక్కే ప్రతిఫలం నామమాత్రం.

ఇందుకు పునాది అంతకు ముందే ఉంది. 1950ల నుంచి పంచాయతీ రేడియో ముందు సాయంత్రం కూర్చుని వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు వినడం తెలుగు పల్లెలకు తెలుసు. ఉమ్మడి ఆస్తిగా ఒక పెట్టెను చూసుకోవడం, దాని ముందు కలిసి కూర్చోవడం కొత్తగా నేర్పాల్సిన పని కాలేదు.

పంతుళ్ల కష్టానికి తోడు మరమ్మతు బృందాలు కూడా శ్రమించాయి. ప్రతి సమూహంలో కేంద్రాలు ఏర్పరచి, విడిభాగాలు నిల్వ ఉంచి, జీపుల్లో ఊరూరా తిరిగారు. దీంతో ఏ రోజు చూసినా నూటికి తొంభై సెట్లు పనిచేసే స్థితిలో ఉన్నాయి. మట్టిరోడ్లు, వానాకాలపు వాగులు, నమ్మకంలేని కరెంటు ఉన్న రోజుల్లో ఇది తేలిగ్గా వచ్చిన ఫలితం కాదు.

తెలుగు మాట చేరిన దారి

కార్యక్రమాల తయారీకి ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లలో స్టూడియోలు పెట్టారు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. అక్కడి టేపులు అహ్మదాబాద్ భూకేంద్రానికి వెళ్లేవి. అక్కడి నుంచి ఉపగ్రహానికి ఎక్కి, మళ్లీ తెలుగు పల్లెలో దిగేవి. ఒకే బొమ్మతో రెండు భాషల మాటలను పంపే వీలు ఉపగ్రహంలో ఉండటం వల్ల ఒక భాషవారి కోసం చేసిన చిత్రాన్ని పొరుగు భాషవారికీ వారి మాటల్లోనే చూపగలిగారు.

రోజుకు నాలుగు గంటల ప్రసారం. పొద్దున గంటన్నర బడి పిల్లలకు. అందులో హిందీ, తెలుగు, కన్నడం, ఒరియా భాషలకు తలా ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, పశుపోషణ, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ముఖ్య విషయాలు. పాట, నాటకం, జానపద కళలు కూడా ఉండేవి. అన్ని రాష్ట్రాలకూ కలిపి అరగంట హిందీ కార్యక్రమం వచ్చేది. తెలుగు పల్లెల్లో హిందీ తెలిసినవారు తక్కువ కాబట్టి ఆ అరగంట వారికి పెద్దగా ఉపయోగపడలేదు. 1975 జూన్‌లో విధించిన అత్యవసర పరిస్థితి ఆ ఏడాదంతా కొనసాగింది. టీవీ అప్పుడు పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది. సర్కారు ప్రచారం కూడా ఆ గంటల్లో కలిసే వచ్చింది.

బడులకు సెలవులు ఉన్న రోజుల్ని ఉపాధ్యాయుల శిక్షణకు వాడుకున్నారు. 1975 అక్టోబరులో ఒకసారి, 1976 వేసవిలో మరోసారి, పన్నెండేసి రోజులు, రెండు విడతలూ కలిపి సుమారు 48,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు పాఠాలు చెప్పే పద్ధతి నేర్పారు. టీవీతో పాటు రేడియో, అచ్చు పుస్తకాలు, చేసి చూసే ప్రయోగాలు, చర్చలు కలిపి ఆ శిక్షణను రూపొందించారు. అంతమందిని ఒకచోటికి పిలిపించి శిక్షణ ఇవ్వాలంటే ఏళ్లు పట్టేది. సైట్ వల్ల ఎక్కువకాలం నిలిచిన ప్రయోజనం ఇదే కావచ్చు. ప్రసారం ఆగినా పంతులు నేర్చుకున్నది బడిలో మిగిలింది.

లెక్క తేల్చిన తీరు

ప్రయోగం ఫలితాన్ని కొలవడంలో కూడా సైట్ కొత్త దారి తొక్కింది. ఇంజనీర్లతో పాటు సామాజిక శాస్త్రవేత్తలను ఇస్రో పెద్ద సంఖ్యలో నియమించుకుంది. ప్రసారానికి ముందు, మధ్యలో, తర్వాత గ్రామస్థులను ప్రశ్నలడిగి తేడా చూశారు. కొన్ని ఊళ్లలో మానవశాస్త్ర పరిశోధకులు నెలల తరబడి అక్కడే నివసించి, టీవీ ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, చూసి ఏం మాట్లాడుకుంటున్నారు అన్నది రాసుకున్నారు.

మొదట్లో ప్రతి పెట్టె ముందూ ఊరంతా మూగింది. కొత్త మోజు తీరాక సాయంత్రాలు సగటున సుమారు వంద మంది దగ్గర నిలకడపడింది. మగవాళ్లు, పిల్లలు ఎక్కువ, ఆడవాళ్లు తక్కువ. సాయంత్రం వంట వేళ కావడం దీనికి ఒక కారణం. ప్రేక్షకుల్లో అంతకు ముందు రేడియో, సినిమా, పత్రిక దేనికీ అలవాటు లేనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ విషయాల్లో తెలివిడి పెరిగింది. చదువు రానివారిలో ఆ పెరుగుదల మెరుగ్గా కనిపించింది. వ్యవసాయంలో కొత్త పద్ధతులు ఆచరణలోకి రావడం మాత్రం తక్కువే. విత్తనం, నీరు, అప్పు చేతిలో లేని రైతు తెరమీద ఎంత చూసినా సేద్యం మార్చలేడు. బడి పిల్లల్లో తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది కానీ, బడిలో చేరేవారి సంఖ్యలోనూ, మధ్యలో మానేసేవారి సంఖ్యలోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పశువులు కాయాల్సిన పిల్లవాడిని బడికి రప్పించడానికి టీవీ ఒక్కటే చాలదని దీనితో తేలింది.

ఉపగ్రహం వెళ్లిపోయాక

1976 జూలై 31తో ప్రసారం ముగిసింది. ఒప్పందం ప్రకారం ఏటీఎస్-6ను అమెరికా వైపు తిరిగి జరిపారు. పల్లెల్లో పెట్టెలు మూగబోయాయి. సమూహాలకు దగ్గరలో నేలమీది ప్రసార కేంద్రాలు పెట్టి కొన్ని గ్రామాలకైనా కార్యక్రమాలు కొనసాగించాలన్నది ప్రణాళిక. జైపూర్, రాయపూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గాలతో పాటు హైదరాబాద్ కేంద్రం ఆ వరసలో వచ్చినదే.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. ప్రారంభించినది రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాది మార్చి ఎన్నికల్లో ఆయన నంద్యాల లోక్‌సభ స్థానం నుంచి జనతా పార్టీ తరఫున గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి దక్కిన ఒకే ఒక్క స్థానం అది. లోక్‌సభ స్పీకరై, జూలైలో రాష్ట్రపతి అయ్యారు. ఆళ్లగడ్డతో సహా తనను గెలిపించిన ఓటర్ల ఇళ్లకు మాత్రం ఆయన ప్రారంభించిన కేంద్రం బొమ్మ అందే దూరంలో లేదు. ఆ దూరాన్ని తగ్గించే పని మళ్లీ ఉపగ్రహాలకే మిగిలింది. 1982 ఏప్రిల్‌లో ఎగిరిన ఇన్సాట్-1ఎ కొన్ని నెలలకే పనికిరాకుండా పోయింది. 1983 ఆగస్టు 30న అమెరికా స్పేస్ షటిల్ మీద వెళ్లిన ఇన్సాట్-1బి నిలిచింది. ఉపగ్రహం నుంచి సంకేతం అందుకుని చుట్టుపక్కల ఊళ్లకు పంచే చిన్న ప్రసార కేంద్రాలు 1984 నుంచి దేశమంతటా వేగంగా వెలిశాయి.

సైట్ నేర్పిన పద్ధతి టీవీతో ఆగలేదు. కోస్తాలో తుపాను హెచ్చరికను ఇన్సాట్ ద్వారా నేరుగా స్థానిక కార్యాలయాల్లోని పెట్టెలకు పంపే ఏర్పాటు 1980ల్లో వచ్చింది. 1990 మే నెల తుపానులో లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించడానికి అది తోడ్పడింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్ చదువు కోసమే చేసిన ఉపగ్రహం. సైట్‌లో అమెరికా ఉపగ్రహం చేసిన పనిని అప్పటికి మన ఉపగ్రహమే, మన రాకెట్ మీద ఎక్కి చేయగలిగింది.

ఈ ఏర్పాట్లన్నిటిలోనూ ఆకాశంలోని భాగం మారుతూ వచ్చింది కానీ నేలమీది షరతు మారలేదు. సంకేతం దిగే చోట పెట్టెను నమ్మకంగా చూసుకునే మనిషి కావాలి. ఎడ్యుశాట్ కాలంలో చాలా బడుల్లో పరికరాలు మూలపడటానికి కారణం ఉపగ్రహ లోపం కాదు, నేలమీద పట్టించుకునేవారు లేకపోవడమే. 1975లో తొంభై శాతం సెట్లు వెలుగుతూ ఉండటానికి మూలం తాళంచెవి పట్టుకు తిరిగిన బడిపంతుళ్లు, వారికి గది ఇచ్చిన పంచాయతీలు. సైట్ చరిత్రలో శాస్త్రజ్ఞుల పేర్లు దొరుకుతాయి, వీళ్ల పేర్లు దొరకవు. ప్రయోగం గెలిచిందని లెక్క రాసేటప్పుడు ఆ గెలుపులో సగం వాళ్ల పద్దులో వేయాలి.

(వచ్చే భాగం: రేడియో ఔత్సాహికుల ఉపగ్రహం హామ్‌శాట్)